నీరసానికి ఎన్ని మార్కులు?

మా తోడికోడలు బద్ధకస్తురాలని తేల్చుకోవడానికి మా ఇంట్లో ఎవరికీ ఎన్నాళ్ళో పట్టలేదు. ఒక్క ఎండాకాలం చాలింది.

మాది బెజవాడలో పాతకాలపు మేడ. కింద అత్తగారూ మేమూ, పైన మరిదీ వాళ్ళూ. వంట మాత్రం ఒక్కచోటే. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆ పిల్ల ఇల్లంతా గాలిపటంలా తిరిగేది. రెండేళ్ళు గడిచేసరికి, అంటే 2014 వేసవికి, పొద్దున్న ఏడున్నర దాటితేగాని కిందికి దిగడం మానేసింది. దిగినా, పెనం మీద దోసె తిప్పడానికి ఆపసోపాలు పడేది. "వేళ్ళు ముడుచుకోవడం లేదక్కయ్యా" అనేది. పదిగంటలయ్యేసరికి ఆ వేళ్ళే చక్కగా పనిచేసేవి. మరి అనుమానం రాదూ? "దోసెల దగ్గర బిగుసుకున్న వేళ్ళు పదింటికి ఎలా విడిపోయాయమ్మా!" అని అత్తగారు నాతో అనేవారు. నేను నవ్వేదాన్ని. గుడికి పిలిస్తే నీరసం, పేరంటానికి పిలిస్తే నీరసం, చివరికి సినిమాకి పిలిచినా నీరసమే. సినిమాకి కూడా నీరసం వచ్చే మనిషిని అనుమానించకూడదని అప్పుడు నాకు తోచలేదు.

అంతటితో ఊరుకున్నానా? నవలలు రాసేవాళ్ళకి ఇంట్లో మనుషులు డబ్బివ్వకుండా దొరికే సరుకు. 2015లో ఒక పత్రికలో వచ్చిన నా సీరియల్లో ఓ చిన్నకోడలుంది. పని అనగానే తలనొప్పి, పండగ అనగానే జ్వరం. అత్తగారు వీధిలోకి వెళ్ళగానే లేచి కూచుంటుంది. ఆ పాత్ర బాగా పండిందని అందరూ అన్నారు. "అచ్చం మా ఆడపడుచును చూసినట్టే ఉందండీ" అని ఉత్తరాలు కూడా వచ్చాయి. మా తోడికోడలు సైతం వారం వారం చదివింది. ఏమీ అనలేదు. ఒక్కసారి మాత్రం, కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, "అక్కయ్యా, ఆవిడకి జ్వరం నిజంగా వస్తుందా?" అని అడిగింది.

"ఎక్కడి జ్వరం! అంతా నటన" అన్నాను.

ఆ మాట తర్వాత ఎన్ని రాత్రులు నా చెవుల్లో మోగిందో చెప్పలేను.

2016 మే నెలలో మాగాయ పెట్టాం. మీకు తెలియనిదేముంది, మేడ మీద దుప్పట్లు పరిచి ముక్కలు ఎండబెట్టాలి. కాకులు రాకుండా ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. "వంటింట్లో ఎలాగూ చెయ్యదు, మేడ మీదైనా కూచోమను" అన్నారు అత్తగారు. బెజవాడ ఎండ! మూడు రోజులు ఆ పిల్ల చెంగు నెత్తిన వేసుకుని కాపలా కాసింది. నాలుగోనాడు ముక్కు మీదుగా రెండు బుగ్గలకీ ఎర్రగా కందినట్టు మచ్చ లేచింది. వెన్న రాయమన్నారు. రాసింది. ఆ రాత్రి జ్వరం వచ్చింది. తర్వాత దువ్వితే గుప్పెళ్ళకొద్దీ జుట్టు. నోట్లో అంగిలి మీద పుళ్ళు, అవీ నొప్పిలేనివి. పాదాలు వాచి చెప్పులు పట్టలేదు. ఒక డాక్టరు ఎండదెబ్బ అన్నారు. ఇంకొకరు వాతం అన్నారు. మూడో ఆయన మా మరిదిని పక్కకి పిలిచి, "ఇది మనసుకి సంబంధించింది, ఓ పిల్లో పిల్లాడో పుడితే అదే సర్దుకుంటుంది" అన్నారు. ఆ మూడో ఆయన మాట మా అందరికీ బాగా నచ్చింది. మా అభిప్రాయానికి దగ్గరగా ఉంది కదా!

ఆఖరికి ఎవరో చెబితే హైదరాబాదులో కీళ్ళవ్యాధులు చూసే ఒకావిడ దగ్గరికి తీసుకెళ్ళాం. తోడుగా నేను వెళ్ళాను. ఆవిడ ముఖం చూడగానే, "ఎండలో ఎక్కువసేపు ఉన్నావామ్మా?" అని అడిగారు. అంతే. నాకు మాగాయ జాడీ కళ్ళముందు మెదిలింది.

రక్తం తీశారు, మూత్రం పరీక్ష చేశారు. నాలుగు రోజులకి జబ్బు పేరు తెలిసింది. లూపస్. లాటిన్ భాషలో లూపస్ అంటే తోడేలట. ముఖం మీద మచ్చ సీతాకోకచిలుక రెక్కల్లా ఉంటుంది, పేరేమో తోడేలు. ఒంటిని కాపాడవలసిన తెల్లకణాలే సొంత ఒంటి మీదికి తిరగబడతాయి. చర్మం, కీళ్ళు, మూత్రపిండాలు, గుండె చుట్టూ పొర, మెదడు... ఎక్కడికైనా వెళ్ళగలదు. ఈ జబ్బు వచ్చిన పదిమందిలో తొమ్మిదిమంది ఆడవాళ్ళే. అందులోనూ పదిహేనుకీ నలభై అయిదుకీ మధ్య వయసువాళ్ళే ఎక్కువ. ఇంటి చాకిరీ అంతా నెత్తిన ఉండే వయసు చూసుకుని మరీ వచ్చిందన్నమాట.

డాక్టరుగారు కాగితం మీద లెక్క వెయ్యడం మొదలుపెట్టారు. రోగం ఎంత రగులుతోందో చూడ్డానికి ఒక పట్టిక ఉందట, పేరు స్లీడై. కెనడాలో టొరంటో డాక్టర్లు 1980లలో తయారుచేశారు. మొత్తం 24 అంశాలు, ఒక్కోదానికి ఇన్ని మార్కులని. అన్నీ కలిస్తే 105. ఇందులో మార్కులు రాకపోతేనే సంతోషించాలి. ముఖం మీద మచ్చకి 2, జుట్టు రాలినందుకు 2, నోటిపుళ్ళకి 2, కీళ్ళ వాపుకి 4, మూత్రంలో ప్రోటీను పోతున్నందుకు 4, రక్తంలో కాంప్లిమెంటు తగ్గినందుకు 2, డి.ఎన్.ఏ. మీదికి యాంటీబాడీలు పెరిగినందుకు 2, జ్వరానికి 1. పాలవాడి లెక్క కూడినట్టు నేనూ మనసులో కూడాను. 19.

మా తోడికోడలు ఆ కాగితం వంక చూస్తూ మెల్లిగా అడిగింది. "డాక్టరుగారూ, నీరసానికి ఎన్ని మార్కులండీ?"

ఆవిడ కలం ఆపారు. "నీరసం ఇందులో లేదమ్మా" అన్నారు. "కొలవడం కష్టం. అందుకని వదిలేశారు. లేదని కాదు. నా దగ్గరికి వచ్చేవాళ్ళు అన్నిటికన్నా ముందు చెప్పేది అదే."

రెండేళ్ళు మా ఇంట్లో ఆ పిల్ల మీద మోపిన నేరం ఒక్కటే, నీరసం. తీరా రోగాన్ని పట్టికలో వేస్తే దానికి సున్నా!

ఆ సున్నా నాకు నిద్రపట్టనివ్వలేదు. నేను చదివింది బి.ఏ. తెలుగూ చరిత్రా. ప్రోటీను అంటే నాకు కందిపప్పే. అయినా పట్టుబట్టి దొరికినవల్లా చదివాను. అర్థంకానివి రాసుకుని డాక్టరుగారిని చూసినప్పుడల్లా అడిగేదాన్ని. పాపం ఆవిడ ఓపికమంతురాలు. నాకు బోధపడింది నా భాషలో చెబుతాను.

మన ఒంట్లో కణాలకి నోళ్ళు లేవు గదా, ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలంటే కబురు పంపుతాయి. ఆ కబుర్లే సైటోకైన్లు. చిన్న చిన్న ప్రోటీన్లు. ఒక కణం విడిచిపెడుతుంది, ఇంకో కణం గుమ్మంలో దానికి సరిపడ్డ గూడు ఉంటే అక్కడ అతుక్కుంటుంది, లోపల పని మొదలవుతుంది. "శత్రువొచ్చాడు రండి" అని ఒకటి, "ఇంకా సైన్యం కావాలి" అని ఒకటి, "ఇక చాలు, శాంతించండి" అని ఒకటి.

వీటిలో లూపస్‌కి ముఖ్యమైనది ఇంటర్‌ఫెరాన్. 1957లో లండన్లో ఐజాక్స్, లిండెన్‌మన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కోడిగుడ్డు పొరల మీద ఫ్లూ వైరసుతో పనిచేస్తూ కనిపెట్టారు. వైరస్ జొరబడగానే కణం వేసే కేక ఇది. "దొంగలు పడ్డారహో!" అని వీధిలో ఒకరు అరిస్తే ఇంటింటా తలుపులు బిగించుకుని, కర్రలు పట్టుకుని నలుగురూ బయటికి రారూ, అలాగ. దొంగ వెళ్ళిపోయాక కేక ఆగాలి. లూపస్‌లో ఆగదు. అసలు దొంగే ఉండడు. మన కణాలే రోజూ కొన్ని చచ్చిపోతుంటాయి, వాటి చెత్తని ఊడ్చిపారేసే ఏర్పాటూ ఉంది. ఆ ఊడ్పు సరిగ్గా జరక్కపోతే కణంలో ఉన్న డి.ఎన్.ఏ., ఆర్.ఎన్.ఏ. ముక్కలు బయటపడతాయి. ఒక జాతి తెల్లకణాలు వాటిని చూసి వైరసే అనుకుని కేకలు పెడతాయి. ఆ కేకకి యాంటీబాడీలు పెరుగుతాయి, యాంటీబాడీలు ఆ చెత్తకి అతుక్కుని మళ్ళీ కేక పుట్టిస్తాయి. ఇంక దానికి అంతు లేదు. ఎండ సంగతి కూడా ఇక్కడే తెలిసింది. ఎండలోని అతినీలలోహిత కిరణాలకి చర్మంలో కణాలు చస్తాయి, చెత్త పెరుగుతుంది. మూడురోజుల మాగాయ కాపలా!

ఆడవాళ్ళకే ఎందుకంటే దానికీ ఓ కారణం చెప్పారు. ఆ ఆర్.ఎన్.ఏ. ముక్కల్ని పసిగట్టే ప్రోటీను ఒకటి, టి.ఎల్.ఆర్. ఏడు అని. దాని జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంది. ఆడవాళ్ళకి ఎక్స్‌లు రెండు. ఒకటి నిద్రపోవాలి, కాని ఈ జన్యువు కొన్ని కణాల్లో రెండిటి మీదా మేలుకునే ఉంటుంది. స్పెయిన్‌లో ఒక చిన్నపిల్లకి ఈ ఒక్క జన్యువులో మార్పు వల్లే లూపస్ వచ్చిందని 2022లో బయటపెట్టారు. అదొక్కటే కారణమని కాదు. హార్మోన్లున్నాయి, ఇంకా ఏవేవో ఉన్నాయి.

ఇంటర్‌ఫెరాన్ ఒక్కటే కాదు, కబుర్లు చాలా ఉన్నాయి. ఇంటర్‌ల్యూకిన్ ఆరు ఉంది, జ్వరానికీ వాపుకీ దాని చెయ్యి ఉంటుంది. బాఫ్ అని ఇంకొకటి, యాంటీబాడీలు తయారుచేసే కణాలకి ఆయుష్షు పోస్తుంది. అన్నిటికన్నా నాకు నవ్వొచ్చింది ఇంటర్‌ల్యూకిన్ పది. మామూలుగా అది శాంతికబురు, "ఊరుకోండర్రా" అని చెప్పేది. లూపస్ రగిలినవాళ్ళలో అదీ పెరుగుతుందట, పెరిగి యాంటీబాడీలకే సాయం చేస్తుందట. మా వీధిలో మొగుడూ పెళ్ళాల తగవు తీర్చడానికి వెళ్ళి ఇంకో నాలుగు రోజులు పొడిగించి వచ్చే పెద్దాయన ఒకరున్నారు. పేరు చెప్పను, ఆయనా ఈ పత్రిక చదువుతారు.

"అయితే ఈ కబుర్లని రక్తంలో కొలిచి, రోగం ఎంత ఉందో చెప్పెయ్యొచ్చు గదండీ" అన్నాను డాక్టరుగారితో, ఏదో నేనే కనిపెట్టినట్టు. ఆవిడ నవ్వారు. ఇంటర్‌ఫెరాన్ రక్తంలో ఉండేది అతి కొద్ది, దొరకబుచ్చుకోవడం కష్టం. 1979లోనే అమెరికాలో లూపస్ రోగుల రక్తంలో దాన్ని చూశారు, రోగం రేగినవాళ్ళలో ఎక్కువగా ఉందనీ గమనించారు. 2003 వచ్చేసరికి తెలివైన మార్గం పట్టారు. ఇంటర్‌ఫెరాన్‌ని వెతకడం మాని, అది వచ్చి వెళ్ళాక కణాల్లో ఏయే జన్యువులు మేలుకున్నాయో లెక్కపెట్టారు. పెళ్ళికి ఎంతమంది వచ్చారో చూడకపోయినా ఎంగిలివిస్తళ్ళు లెక్కపెడితే తెలియదూ! చాలామంది రోగుల్లో, ముఖ్యంగా జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్ళలో, విస్తళ్ళు గుట్టలుగా కనిపించాయి. కాని అక్కడో చిక్కు. నెలనెలా అదే మనిషిని చూస్తే, జబ్బు తగ్గినా ఆ గుట్ట అంతగా తగ్గదట. అందుకని రోజువారీ వైద్యంలో డాక్టర్లు ఇప్పటికీ కాంప్లిమెంటూ, డి.ఎన్.ఏ. యాంటీబాడీలూ, మూత్రంలో ప్రోటీనూ చూసుకునే నడుస్తారు.

ఇదంతా ఎందుకు చదివానంటే నీరసం కోసం. అది కూడా దొరికింది. ఒకప్పుడు కాలేయానికి వచ్చే హెపటైటిస్ సి జబ్బుకి ఇంటర్‌ఫెరాన్‌నే మందుగా సూదివేసేవారు. వేయించుకున్నవాళ్ళకి జ్వరం, ఒళ్ళునొప్పులు, లేవలేనంత నీరసం, దిగులు. కొద్దిమందికి ఏకంగా లూపస్ లాంటి జబ్బే వచ్చింది. ఫ్లూ వచ్చినప్పుడు మనల్ని మంచానికి పడేసేది కూడా వైరసుకన్నా ఎక్కువగా ఈ కబుర్లేనట. "పడుకో, లేవకు, బలమంతా యుద్ధానికి కావాలి" అని ఒళ్ళు ఇచ్చే ఆజ్ఞ. ఫ్లూ అయితే అయిదు రోజులు, ఇంట్లో అందరూ జాలిపడతారు, మిరియాల చారు పెడతారు. మా తోడికోడలికి ఆ ఆజ్ఞ రెండేళ్ళపాటు అందుతూనే ఉంది, ఆ ఒంటితోనే ఆ పిల్ల ఏడున్నరకి మెట్లు దిగి వచ్చింది. నేనైతే దిగేదాన్ని కాను.

అయితే నిజం చెప్పాలి గదా, కథ ఇంత శుభ్రంగా ముగియదు. మందులు పనిచేశాయి. స్టెరాయిడ్లతో ముఖం పున్నమి చంద్రుడిలా గుండ్రమయింది ("పుట్టింటివాళ్ళు బాగా మేపుతున్నారే!" అని ఓ చుట్టం). మూత్రపిండాలు నిలబడ్డాయి. మరుసటి ఏడాదికి 19 కాస్తా 4కి దిగింది, కాంప్లిమెంటూ యాంటీబాడీలూ తప్ప అన్నీ సున్నాలు. మేం స్వీట్లు పంచాం. స్వీట్లు పంచిన మధ్యాహ్నమే ఆ పిల్ల మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. "మార్కులు పోయాయి గాని నీరసం పోలేదక్కయ్యా" అంది. డాక్టరుగారిని అడిగితే, చాలామందిలో పట్టికకీ నీరసానికీ పొత్తు కుదరదన్నారు. నిద్రలేమి, నొప్పులు, రక్తహీనత, దిగులు అన్నీ కలుస్తాయి, కబుర్లు ఒక్కటే కారణమని చెప్పలేం అన్నారు. నాకు కొంచెం నిరాశగానే అనిపించింది. నేరం నుంచి విడిపించడానికి సాక్షిని వెతికి తెచ్చుకున్నాను, ఆ సాక్షి కాస్తా సగమే చెప్పింది.

మందుల గురించీ ఒక మాట. ఆ పిల్ల రోజూ వేసుకునే మాత్ర హైడ్రాక్సీక్లోరోక్విన్. అసలు మలేరియా మందుల కుటుంబం. ఈ కేకలు పెట్టే కణాల్ని కాస్త మందలిస్తుంది. ఏడాదికోసారి కళ్ళు పరీక్ష చేయించుకుంటూ ఉంటే చాలావరకు భయంలేనిది. 2020 మార్చిలో కరోనాకి అది పనికొస్తుందని పెద్దపెద్దవాళ్ళు అనేసరికి ఊళ్ళో ఒక్క పట్టీ లేదు. మా మరిది ముఖానికి గుడ్డ కట్టుకుని పధ్నాలుగు షాపులు తిరిగాడు. ఎవరింట్లో చూసినా "ఎందుకైనా మంచిది" అని నాలుగు పట్టీలు బీరువాలో ఉన్నాయి, కావలసినవాళ్ళకి మాత్రం లేవు. చివరికి మా వీధిలో ఓ మాస్టారి భార్య దాచుకున్నవి తెచ్చి గేటు మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ జూన్‌లోనే ఇంగ్లండులో జరిగిన పెద్ద పరీక్షలో, కరోనాతో ఆస్పత్రిలో చేరినవాళ్ళకి దానివల్ల లాభం లేదని తేలింది.

1955 తర్వాత లూపస్ కోసమే అంటూ కొత్త మందు అమెరికాలో అనుమతి పొందింది 2011లో. 56 ఏళ్ళు! బెలిముమాబ్ అని, ఆయుష్షు పోసే బాఫ్ కబురుని దారిలోనే పట్టుకుంటుంది. 2021లో అనిఫ్రోలుమాబ్ వచ్చింది, అది ఇంటర్‌ఫెరాన్ వచ్చి అతుక్కునే గుమ్మానికే గడియ పెడుతుంది. గడియ పెట్టాక నిజం దొంగ వస్తే? అదీ ఉంది. ఈ మందు వాడేవాళ్ళకి సర్పి కొంచెం ఎక్కువగా వస్తుందట. పైగా ధర వింటే మనలాంటివాళ్ళు పర్సు మూసేసుకోవాలి.

అమెరికాలో ఫ్లానరీ ఒకానర్ అనే రచయిత్రి ఉండేది. తండ్రి పోయింది లూపస్‌తోనే. తనకీ పాతికేళ్ళ వయసులో వచ్చింది. పల్లెటూళ్ళో తల్లి దగ్గర ఉంటూ, నెమళ్ళని పెంచుకుంటూ, పొద్దున్నపూట ఉన్న ఓపికంతా రాతకే పెట్టి రాసింది. 1964లో 39వ ఏట పోయింది. ఆవిడ కథల్లో మనుషుల్ని చూస్తే భయమేస్తుంది, ఎవరినీ దయతలచదు. అయినా తన రోగాన్ని అడ్డం పెట్టుకుని ఎవరినీ జాలి అడగలేదు. నేనేమో రోగంలేని ఒంటితో కూచుని పక్కగదిలో రోగిష్టిదాన్ని హాస్యపాత్రని చేశాను.

ఇప్పుడా నవల మళ్ళీ అచ్చువేస్తామని ప్రచురణకర్తలు ప్రూఫులు పంపారు. పోయిన ఆదివారం మా తోడికోడలు దగ్గర కూచుని, ఆ చిన్నకోడలు పాత్ర మార్చేస్తానని చెప్పాను. జబ్బుమనిషిని చేసేస్తాను, ఆఖర్న అత్తగారు కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది అన్నాను. ఆ పిల్ల చాలాసేపు ఆలోచించింది. ఆ రోజు కాస్త ఓపిగ్గా ఉంది, బెండకాయలు తరుగుతోంది.

"అలా కన్నీళ్ళు పెట్టించకు, బాగుండదు" అంది. "ఆవిడ నిజంగానే బద్ధకస్తురాలేమో, ఎవరు చెప్పొచ్చారు? ముందొక రక్తపరీక్ష చేయించు అక్కయ్యా. తర్వాత చూద్దాం."

ప్రూఫులు బల్ల మీదే ఉన్నాయి. పదకొండో ప్రకరణం దగ్గర పెన్సిల్ పెట్టి ఉంచాను.